నాన్నకి గ్లకోమా. షాపులో మా కంటి ప్రెజర్ నార్మల్ వచ్చింది, అంతటితో సరిపోతుందా?

మధిర_మామిడి:

నాన్నకి 68 ఏళ్ళు. శుక్లం తీయించుకుందామని వెళ్తే రెండు కళ్ళలోనూ నీటికాసులు, అదే గ్లకోమా, ఉందన్నారు. రిపోర్టులో ఉన్నవి: ప్రెజర్ కుడి 24, ఎడమ 28. కప్–డిస్క్ నిష్పత్తి (కంటి నరం తల, అంటే డిస్క్‌లో, మధ్య గుంట ఎంత వంతో చెప్పేది) కుడి 0.7, ఎడమ 0.9. రెండూ ఓపెన్ యాంగిల్, అంటే కంటి లోపలి నీరు బయటికి పోయే కోణం తెరిచే ఉన్న రకం. రాత్రి పడుకునే ముందు లాటనోప్రోస్ట్, రెండు పూటలా టిమోలాల్ రాశారు. శుక్లం సంగతి ఆరు వారాలయ్యాక చూద్దామన్నారు.

మేం ముగ్గురం పిల్లలం. నాకు 44, తమ్ముడికి 41, చెల్లికి 36. కళ్ళద్దాల షాపులో గాలి కొట్టే మిషన్‌తో చూపిస్తే ముగ్గురికీ 14 నుంచి 17 మధ్యలో వచ్చింది. బోర్డు మీద ఆఖరి లైను దాకా చదివేశాం. "మీకేం లేదు" అని పంపించారు. ఇక వదిలేయొచ్చా? లేదంటే ఇంకా ఏం పరీక్షలు, ఏ వరుసలో, ఎన్నాళ్ళకోసారి?

పనికొస్తాయేమోనని ఇంకొన్ని వివరాలు. నాకు ప్లస్ 3 పవర్. తమ్ముడికి లేసిక్ (కార్నియాని, అంటే కంటి ముందుండే అద్దంలాంటి పొరని, లేజర్‌తో చెక్కి పవర్ తీసేసే ఆపరేషన్) అయింది. చెల్లికి దుమ్ము పడదు, కళ్ళు దురద పెడితే మెడికల్ షాపులో ఏవో చుక్కలు తెచ్చి వేసుకుంటుంది. అమ్మకి 63, తనవీ లావుపాటి ప్లస్ అద్దాలే.

స్లిట్‌ల్యాంప్:

వదిలేయకండి. షాపులో చూసింది ప్రెజర్ ఒక్కటే. గ్లకోమా అంటే కంటి నరం దెబ్బతినడం, ప్రెజర్ దానికి ఒక కారణం మాత్రమే. 10 నుంచి 21 వరకు నార్మల్ అన్నది జనాభా లెక్కలోంచి తీసిన గీత, దాని కింద ఉంటే రాదని హామీ కాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్ళు 1996–2000 మధ్య హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో సర్వే చేశారు. అక్కడ గ్లకోమా బయటపడినవాళ్ళలో పెద్ద వాటాకి ఆ రోజు ప్రెజర్ 21 లోపే ఉంది. మన దేశంలో చేసిన ఇలాంటి సర్వేలు చాలావాటిలో పదిమందిలో తొమ్మిది మందికి పైగా తమకీ జబ్బు ఉన్నట్టు అప్పటిదాకా తెలియదు. దానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది: చివరి లైను చదవగలిగితే చూపు బాగున్నట్టే అనుకుంటాం. గ్లకోమా మొదట తినేది పక్కచూపుని. మధ్య చూపు 6/6 ఉండగానే చుట్టూ సగం పోయినవాళ్ళుంటారు. ఒక కంట్లో లేనిది రెండో కన్ను పూరిస్తుంది కాబట్టి గోడకు గుద్దుకునేదాకా తెలియదు. శుక్లం వల్ల పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగొస్తుంది, దీనివల్ల పోయింది రాదు.

కాబట్టి కావాల్సింది పూర్తి పరీక్ష. ఆస్పత్రిలో "గ్లకోమా వర్కప్, నాన్నకి ఉంది" అని చెప్పండి. వరుస చాలా ముఖ్యం. మొదట చూపు, అద్దాల పవర్. తర్వాత కంటిపాపల కదలిక: టార్చి ఒక కంటి మీంచి ఇంకో కంటి మీదికి మారుస్తూ చూస్తారు. ఒక నరం ఎక్కువ దెబ్బతింటే అక్కడే దొరుకుతుంది. కళ్ళు అలసిపోకముందే ఫీల్డ్ టెస్ట్, అంటే పక్కచూపు ఎంత ఉందో చూసే పరీక్ష. తర్వాత మత్తు చుక్క, పసుపు రంగు వేసి నీలం లైటుతో ప్రెజర్ చూస్తారు, దాన్ని గోల్డ్‌మన్ అప్లనేషన్ అంటారు. గాలి మిషన్ కన్నా ఇదే నమ్మదగ్గది. ఆ మత్తులోనే కార్నియా మందం కొలిచి, గదిలో లైటు తీసి చిన్న అద్దపు లెన్సు ఆనించి కంటి కోణం చూస్తారు. అది గోనియోస్కోపీ. అన్నీ అయ్యాక పాప విప్పే చుక్కలు వేసి నరం చూడాలి.

ఎక్కువగా తప్పేది ఇక్కడే. రద్దీ రోజుల్లో 40 దాటిన వాళ్ళందరికీ వరసగా బెంచీ మీదే పాప విప్పే చుక్కలు వేసేస్తారు. పాప విప్పుకున్నాక ఆ రోజు గోనియో పనికిరాదు, ఫీల్డూ సరిగా రాదు. సిస్టర్ సీసా ఎత్తగానే "గోనియో అయిందా మేడమ్?" అని ఒక్క మాట అడగండి.

నరం విషయంలో 0.6, 0.7 అన్న అంకె చూసి బెంబేలెత్తొద్దు. పుట్టుకతోనే డిస్క్ పెద్దగా ఉన్నవాళ్ళకి కప్పు కూడా పెద్దగానే ఉంటుంది. రెండు కళ్ళ మధ్య తేడా 0.2కి చేరినా, అంచు ఒకచోట పలచబడినా, అంచు మీద సన్నటి రక్తపు గీత కనిపించినా అప్పుడు అనుమానించాలి. నాన్నగారిది 0.7, 0.9 కదా, ఆ తేడానే చూడండి.

ఒరాకిల్_బాబాయ్:

ఇంత తతంగం ఎందుకండీ? ఓసీటీ (కంటి నరాల పొర మందాన్ని కొలిచే స్కాన్) ఒక్కటి తీయిస్తే పది నిమిషాల్లో ఎరుపో పచ్చో వచ్చేస్తుంది. పచ్చ వస్తే ఇంటికి, ఎరుపొస్తే డాక్టర్ దగ్గరికి.

స్లిట్‌ల్యాంప్:

బాబాయ్ గారూ, ఆ రంగుల్ని నమ్మి చుక్కలు మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు, ఆపేసినవాళ్ళూ ఉన్నారు. మిషన్ మన నరాల పొర మందాన్ని తన దగ్గరున్న నార్మల్ జనాల లెక్కతో పోల్చి రంగు వేస్తుంది. మైనస్ 6 దాటిన కళ్ళలో నరాల పొర పక్కకి జరిగి ఉంటుంది, జబ్బు లేకపోయినా ఎరుపు చూపిస్తుంది. సిగ్నల్ 6 కన్నా తగ్గితే, అంటే కన్ను పొడిబారినా శుక్లం ఉన్నా, పొర పలచగా లెక్కకొస్తుంది. దీనికి తిరగేసి, మొదట్లో పొర బాగా మందంగా ఉన్న మనిషికి నాలుగో వంతు పోయినా పచ్చలోనే ఉండొచ్చు. బాగా ముదిరిన కంట్లో పొర దాదాపు 50 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఎంత పోతున్నా ఓసీటీలో తెలియదు. ఈయన నాన్నగారి ఎడమ కన్ను ఆ దశలో ఉండొచ్చు. అలాంటి కంటికి మామూలుగా చేసే 24-2 ఫీల్డ్ టెస్ట్ బదులు, మధ్య భాగాన్నే దగ్గర దగ్గర మెరుపులతో చూసే 10-2 ఫీల్డ్ కావాలి.

ఓసీటీ వద్దనడం లేదు. ఈ ముగ్గురికీ ఈరోజు తీసిన ఓసీటీ అసలు విలువ ఐదేళ్ళ తర్వాత తెలుస్తుంది, అప్పటిదానితో పోల్చుకోవడానికి. పోల్చాలంటే అదే కంపెనీ మిషన్ మీద తీయాలి. ఒక కంపెనీ మైక్రాన్లు ఇంకో కంపెనీకి సరిపోవు. కాగితాలు పారేయకండి.

ఫీల్డ్ టెస్ట్ గురించి కూడా చెప్పేస్తా, అందరూ భయపడేది అదే. ఒక కన్ను మూసి, మధ్య లైటుకేసే చూస్తూ పక్కన మెరుపు కనిపిస్తే బటన్ నొక్కాలి. కంటికి నాలుగు నుంచి ఎనిమిది నిమిషాలు. కనిపించేదాకా, కనిపించకుండా పోయేదాకా కాంతి మారుస్తూ పోవడం మిషన్ పద్ధతి, అందుకని మంచి కంటికైనా చాలా మెరుపులు కనిపించవు. అది తెలియక కంగారుపడి ఊరికే నొక్కేస్తుంటారు. అలాంటి రిపోర్టు ఉండాల్సినదానికన్నా తెల్లగా, బాగా వస్తుంది. షీటు పైన చూసుకోండి: ఫిక్సేషన్ లాస్ (చూపు మధ్య లైటు నుంచి పక్కకి పోవడం) 20 శాతం, ఫాల్స్ పాజిటివ్ (మెరుపు లేకుండానే నొక్కడం) 15 శాతం దాటితే ఆ షీటు లెక్కలోకి రాదు. పెద్దవాళ్ళకి రెప్ప వాలితే పైభాగమంతా నల్లగా వస్తుంది, మైక్రోపోర్ టేపుతో రెప్ప ఎత్తి అంటించమనండి. అద్దం ఫ్రేము కంటికి దూరంగా పెడితే చుట్టూ నల్లటి అంచు వస్తుంది. ఇవేవీ జబ్బు కాదు. మొదటిసారి చెడిపోయిన ఫీల్డ్ రెండోసారికి బాగుపడటం మామూలే. ఒక్క షీటు చూసి జీవితాంతం చుక్కలు రాస్తే రెండోది చేయించమని అడగండి.

మందులకొట్టు:

చెల్లెలుగారి చుక్కల సీసా పేరు చెప్తారా? ముందు వెనక లేబుల్ చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్ అని ఉంటే స్టెరాయిడ్. యాంటీబయాటిక్‌తో కలిపి వచ్చే సీసాల్లో ఇవి రెండో వరసలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫ్లోరోమెథలోన్, లోటిప్రెడ్నాల్ కొంచెం నయమే గానీ అవీ స్టెరాయిడ్లే. ఇవన్నీ చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సినవి. దురద గంటలో తగ్గిపోతుంది కాబట్టి జనం పాత సీసా చూపించి అదే అడుగుతారు, కొట్లో ఇచ్చేస్తారు.

ముగ్గురిలో ఒకరికి స్టెరాయిడ్ చుక్కలతో కంటి ప్రెజర్ పెరుగుతుంది, నూటికి ఐదుగురికి బాగా పెరుగుతుంది. సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో. ఇంట్లో గ్లకోమా ఉన్నవాళ్ళు ఆ గుంపులో పడే అవకాశం ఎక్కువ. ఆపితే ప్రెజర్ చాలావరకు దిగుతుంది, ఈలోపు నరానికి జరిగింది మాత్రం మిగిలిపోతుంది. ఆవిడ ఎన్ని నెలలుగా, ఏడాదికి ఎన్ని సీసాలు వాడుతున్నారో రాసుకుని, సీసాతో సహా తీసుకెళ్ళండి. దురదకి ఓలోపటడీన్ 0.1 శాతం పూటకొకటి చొప్పున రోజుకి రెండుసార్లు, చన్నీళ్ళ గుడ్డ. ఎలర్జీకి ముక్కు స్ప్రే, ఇన్‌హేలర్, మొహానికి క్రీము వాడుతుంటే వాటిలో కూడా స్టెరాయిడ్ ఉండొచ్చు, డాక్టరుకి చెప్పాలి. కళ్ళు తెల్లబడతాయని అమ్మే నాఫజోలిన్ చుక్కలు కూడా మానిపించండి, ఆపగానే ఎరుపు రెట్టింపై వస్తుంది.

నాన్నగారి మందుల విషయం. టిమోలాల్ మొదలుపెట్టేముందు ఆయాసం, ఉబ్బసం ఉందా, నాడి నిమిషానికి 60 లోపా అని అడిగారా? చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం. ఉంటే వెంటనే ఫోన్ చేసి మార్పించండి. వేసే పద్ధతి: కింది రెప్ప లాగి ఒక్క చుక్క. కంట్లో పట్టేది చుక్కలో సగం కూడా ఉండదు, రెండోది చెంప మీదికే పోతుంది. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్క మూలలో వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. రెప్పలు టపటపలాడించొద్దు. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. సీసా మూతి రెప్పకి తగలకూడదు.

లాటనోప్రోస్ట్ తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల్లో, అంటే ఫ్రిజ్‌లో. డీప్ ఫ్రీజర్‌లో కాదు. తెరిచాక 25 డిగ్రీల దాకా బయట ఉండొచ్చని రాస్తారు, మన ఖమ్మం వైపు మే నెలలో ఆ 25 ఎక్కడ దొరుకుతుంది? తెరిచినా ఫ్రిజ్‌లోనే పెట్టండి. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాసి, నాలుగు నుంచి ఆరు వారాలు, లేబుల్ మీద ఏది ఉంటే అన్నాళ్ళకి మార్చండి. 2.5 మి.లీ. సీసాలో దాదాపు 80 చుక్కలు, రెండు కళ్ళకి రోజూ రెండు. రెండు వారాలకే అయిపోతే సగానికి పైగా బయటికి పోతున్నట్టు. రెండు నెలలొస్తే వేయడం మరిచిపోతున్నట్టు. చెకప్‌కి వెళ్ళేరోజు "డాక్టరు చూస్తారు కదా" అని పొద్దుటి మందు ఎగ్గొడతారు చాలామంది. ఆ రోజూ మామూలుగానే వేయాలి, లేకపోతే మందు పనిచేయడం లేదనుకుని ఇంకోటి కలుపుతారు.

మధిర_మామిడి:

చెల్లి సీసా చూశాను. క్లోరాంఫెనికాల్, కింద డెక్సామెథసోన్. నాన్నకి ఉబ్బసం లేదు, నాడి 74.

తమ్ముడి లేసిక్‌కి ముందు కాగితంలో కార్నియా 528 మైక్రాన్లు, పవర్ మైనస్ 4.5. అమ్మకి శుక్లం ఉంది, ముదిరాక చేద్దామని ఆగాం. వారానికి ఒకటి రెండుసార్లు సాయంత్రం టీవీ చూస్తుంటే కనుబొమ్మ మీద నొప్పి, బల్బు చుట్టూ రంగుల వలయం అంటుంది. మైగ్రేన్ మాత్ర వేసుకుని పడుకుంటే పొద్దున్నకి పోతుంది. నేను రోజూ శీర్షాసనం వేస్తాను, లేవగానే లీటరు నీళ్ళు ఒక్కసారే తాగే అలవాటు. ఇవి కూడా లెక్కకొస్తాయా?

స్లిట్‌ల్యాంప్:

మీ ఇంట్లో మొదట వెళ్ళాల్సింది మీరు ముగ్గురూ కాదు, అమ్మగారు. ఈ వారంలోనే.

ప్లస్ పవర్ కళ్ళు పొట్టివి. వయసుతో లోపలి లెన్సు లావవుతుంది, శుక్లం వస్తే ఇంకా ఉబ్బుతుంది. అది పాప చుట్టూ ఉండే రంగు పొరని, అంటే ఐరిస్‌ని, ముందుకి తోస్తుంది. మసక వెలుతురులో పాప సగం విప్పుకున్నప్పుడు కంటి లోపలి నీరు బయటికి పోయే కోణం మూసుకుపోయి ప్రెజర్ ఒక్కసారిగా పెరుగుతుంది. నిద్రలో పాప చిన్నదవుతుంది, కోణం తెరుచుకుంటుంది, నొప్పి పోతుంది. తగ్గించింది మాత్ర కాకపోవచ్చు. శుక్లానికి కూడా లైటు చెదిరి కనిపిస్తుంది గానీ అది రోజంతా ఉంటుంది. నొప్పితో సాయంత్రం వచ్చి, నిద్రతో పోయే వలయం వేరు. ఇది నాన్నగారి రకం కాదు, మూసుకునే కోణం రకం. ఖరారు చేసేది గోనియోస్కోపీయే.

తేలితే యాగ్ లేజర్‌తో ఐరిస్ అంచున చిన్న రంధ్రం పెడతారు. ముందు పైలోకార్పిన్ చుక్కలు, తర్వాత కొద్ది నిమిషాల పని, గంట ఆగి ప్రెజర్ చూసి ఇంటికి పంపిస్తారు. కానీ అమ్మగారికి శుక్లం ఎలాగూ ఉంది కాబట్టి ఆపరేషనే మేలు కావచ్చు. ఉబ్బిన లెన్సు తీసి పలచటిది పెడితే కోణం దానంతటదే తెరుచుకుంటుంది. 2016లో వచ్చిన ఈగిల్ అనే అధ్యయనం కోణం మూసుకుని ప్రెజర్ బాగా పెరిగినవాళ్ళకి, లేదా నరం దెబ్బతిన్నవాళ్ళకి ముందే లెన్సు తీయడం లేజర్ కన్నా మెరుగని చూపించింది. "ముదిరాక" అన్న మాట పాత పద్ధతి ఆపరేషన్ల కాలం నాటిది. ముదిరి ఉబ్బిన శుక్లమే గ్లకోమా తెస్తుంది.

అప్పటిదాకా జలుబు మాత్రలు (క్లోర్‌ఫెనిరమైన్, ఫెనైలెఫ్రిన్), కడుపునొప్పికి డైసైక్లోమిన్, ప్రయాణంలో వాంతుల మాత్రలు వద్దు. కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పితో వాంతులై, చూపు మసకబారితే అర్ధరాత్రైనా కంటి ఎమర్జెన్సీకే తీసుకెళ్ళండి. మామూలు క్యాజువాలిటీలో గ్యాసనో మైగ్రేననో ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెడితే అక్కడ గంటలు పోతాయి.

తమ్ముడికి షాపులో వచ్చిన అంకెని ఉన్నదున్నట్టు నమ్మొద్దు. మైనస్ 4.5కి 60 మైక్రాన్ల దాకా చెక్కేసి ఉంటారు, ఇప్పుడు కార్నియా 470 ప్రాంతంలో ఉండొచ్చు. పలచని కార్నియా మీద మామూలుగా వాడే మిషన్లు అసలు ప్రెజర్ కన్నా తక్కువే చూపిస్తాయి. ఇంత కలపాలి అని ఒక సూత్రం చెప్తారు గానీ లేసిక్ అయిన కంటికి అది నమ్మకం కాదు. నరం, ఓసీటీ, ఫీల్డ్ మీదే ఆధారపడాలి. అద్దాలు పోయినంత మాత్రాన మైనస్ కన్ను పొడవు తగ్గదు, దాని ముప్పు అలాగే ఉంటుంది. ఎక్కడికెళ్ళినా లేసిక్ సంగతి మొదటే చెప్పాలి, అడిగేదాకా ఆగకూడదు.

మీ సంగతి: మీదీ ప్లస్ కన్నే, కోణం చూపించుకోండి. శీర్షాసనంలో ఉన్నంతసేపు కంటి ప్రెజర్ దాదాపు రెట్టింపవుతుంది, దిగగానే తగ్గుతుంది. ఆరోగ్యమైన కంటికి దానివల్ల గ్లకోమా వస్తుందన్న రుజువు లేదు, నరం బలహీనంగా ఉన్నవాళ్ళు మాత్రం మానాలి. రిపోర్టు వచ్చేదాకా ఆపండి, సర్వాంగాసనం కూడా. నీళ్ళు: ఐదు నిమిషాల్లో లీటరు తాగించి పావుగంటకోసారి ప్రెజర్ చూడటం గ్లకోమా వైద్యంలో ఒక పాత పరీక్ష, ఎంత పెరుగుతుందో తెలుసుకోవడానికే. అదే లీటరు అరగంట మీద తాగండి.

మధిర_మామిడి:

అమ్మకి ఎల్లుండికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, మధిర నుంచి దగ్గరని ఎల్‌వీ ప్రసాద్ వాళ్ళ విజయవాడ, తాడిగడప క్యాంపస్‌లో. మాకు అన్నీ బాగున్నాయంటే మళ్ళీ ఎప్పుడు? చెల్లికి తొమ్మిది నెలల పాప ఉంది, తనకీ చూపించాలా?

మందులకొట్టు:

చెల్లెలుగారు చుక్కలు ఆపాక నాలుగు నుంచి ఆరు వారాలకి ప్రెజర్ ఇంకోసారి చూపించుకోవాలి, ఈసారి బాగున్నా సరే.

స్లిట్‌ల్యాంప్:

బాగుంటే మీకూ తమ్ముడికీ ఏడాదికోసారి, చెల్లెలికి రెండేళ్ళకోసారి. అనుమానం అని రాస్తే ఆరు నెలలకి. నాన్నగారి తోడబుట్టినవాళ్ళుంటే వాళ్ళకి మీకన్నా ముందు చెప్పండి, వయసు కూడా తోడవుతుంది కాబట్టి. ఎవరికైనా ప్రెజర్ 24, 26 ఉండి నరం శుభ్రంగా ఉంటే అందరికీ వెంటనే మందు అక్కర్లేదు. 2002లో వచ్చిన అమెరికా అధ్యయనంలో అలాంటివాళ్ళని ఐదేళ్ళు గమనిస్తే మందు వేయనివాళ్ళలో నూటికి 9.5 మందికి, వేసినవాళ్ళలో 4.4 మందికి గ్లకోమా వచ్చింది. కార్నియా 555 మైక్రాన్లు దాటితే ముప్పు ఇంకా తక్కువ. డాక్టరు "చూస్తూ ఉందాం" అంటే నిర్లక్ష్యం అనుకోకండి.

పాపకి ఇది ఇప్పుడు అక్కర్లేదు, పెద్దల రకం ఆ వయసులో రాదు. పుట్టుకతో వచ్చే గ్లకోమా వేరే జబ్బు. మన దగ్గర సుమారు 3,300 పుట్టుకలకి ఒకటి అని లెక్క, పాశ్చాత్య దేశాల కన్నా చాలా ఎక్కువ, మేనరికాలు ఒక కారణం. పాప వెలుతురు చూడలేక మొహం తిప్పేసుకుంటున్నా, ఊరికే కళ్ళ నీళ్ళు కారుతున్నా, నల్లగుడ్డు అడ్డంగా 12 మి.మీ. దాటినా, తెల్లగా పొగబారినా ఆగకూడదు. "ఎంత పెద్ద కళ్ళో" అని మురిసిపోయే కళ్ళే ఒక్కోసారి అవి.

నాన్నగారి శుక్లం గురించి ఒకటి. ఎడమ కంటికి ఆపరేషన్ చేస్తే చూపు ఎంత వస్తుందో ముందే అడిగి రాయించుకోండి, నరం వల్ల పోయింది రాదు. శుక్లం, ట్రాబెక్యులెక్టమీ (కంటి లోపలి నీరు పోవడానికి కొత్త దారి చేసే గ్లకోమా ఆపరేషన్) కలిపి చేస్తారా అని కూడా అడగండి. శుక్లం తర్వాత నాలుగైదు వారాలు స్టెరాయిడ్ చుక్కలే వేస్తారు, కాబట్టి ఆయనకి మధ్యలో రెండు వారాలకోసారి ప్రెజర్ చూడాలి.

అమ్మగారిని తీసుకెళ్ళేటప్పుడు వాడే మాత్రలన్నిటి పట్టీలు పెట్టుకోండి. సగం రోజు పడుతుంది. కోణం చూడకుండా కంటిపాప విప్పే చుక్కలు వేయనివ్వొద్దు, రిజిస్ట్రేషన్ దగ్గరే చెప్పండి. మీరు ముగ్గురూ వెళ్ళేరోజు కంటిపాప విప్పాక నాలుగు నుంచి ఆరు గంటలు మసకగా ఉంటుంది. బండి మీద కాకుండా బస్సులోనో రైల్లోనో వెళ్ళండి.